కోపం నరానికి ఇంజెక్షన్

పులస కూర తిన్నది పిల్లి కాదని పల్లంరాజు తొమ్మిదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. చెబుదామనుకున్న ప్రతిసారీ పెళ్లాం నూకరత్నం నోరు గుర్తొచ్చేది. చేపల మార్కెట్లో ఆవిడ గొంతెత్తిందంటే నాలుగు తట్టల అవతల బేరమాడేవాళ్లు కూడా తమనేనేమో అనుకుని ఉలిక్కిపడేవారు. అలాంటి మనిషి ఇప్పుడు రాజమండ్రిలో ఒక ఆస్పత్రి ఐసీయూలో పడి ఆయాసపడుతోంది. గుండె సగం కూడా పనిచెయ్యడం లేదట. అది చాలదన్నట్టు రెండ్రోజులుగా ఉన్నట్టుండి లయ తప్పి, పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటోంది. మందులు ఎక్కించారు, రెండుసార్లు కరెంటు షాకిచ్చారు. కాసేపు ఆగి మళ్లీ మొదలవుతోంది.

"గాబరా పడకే, గ్యాసు పట్టేసిందంతే" అని చెప్పాడు పల్లంరాజు.

"గ్యాసుకి కరెంటెందుకు పెట్టారయ్యా?"

"పెద్ద గ్యాసే" అన్నాడు. అంతకన్నా మంచి అబద్ధం ఆ క్షణాన తట్టలేదు పాపం.

డాక్టర్ ఉషారాణి అతన్ని పక్కకి పిలిచింది. "కోపమొచ్చినా భయమేసినా గుండెని పరిగెత్తించే నరాలు కొన్ని ఉంటాయండీ. గుండె నీరసపడితే అవి ఊరుకోవు, ఇంకా గట్టిగా తోలతాయి. అలిసిపోయిన ఎద్దుని ముల్లుగర్రతో పొడిచినట్టన్నమాట. మెడలో ఇంజెక్షన్ చేసి వాటిని కొన్ని గంటలు మొద్దుబారుస్తాం. జబ్బు పోదు గానీ, గుండె కాస్త తెరిపిన పడుతుంది. ఈలోగా మిగతా మందులు పనిచెయ్యాలి. దీనిక్కూడా లొంగకపోతే..." అని ఆగిపోయింది.

భయంలో మనిషి ఏది దొరికితే అది పట్టుకుంటాడు. పల్లంరాజుకి దొరికింది కోపం అన్న ముక్క.

"అంటే కోపం నరమాండీ?"

"అలాగే అనుకోండి" అంది ఆవిడ హడావుడిలో.

"అయితే కొంచెం ఎక్కువ పొయ్యండమ్మా!"

డాక్టరమ్మ అతన్ని ఎగాదిగా చూసి వెళ్లిపోయింది.

స్కానింగులో చూసుకుంటూ మెడకి ఎడమపక్క సూది దించారు. పావుగంట తిరక్కుండా నూకరత్నం ఎడమ కనురెప్ప వాలిపోయింది. ఆ పక్క చెంప ఎర్రబడింది. గొంతు పీలగా బుసలా మారింది. పల్లంరాజు గుండెలు బాదుకోబోతుంటే నర్సు సారిక ఆపింది. "భయం లేదండీ, మందు సరిగ్గా పడిందని గుర్తు. సాయంత్రానికి సర్దుకుంటుంది."

గంట గడిచింది. మానిటర్ మీద గీత ఒక్కసారీ గంతులెయ్యలేదు. ముప్పైయేళ్ల కాపురంలో ఆ ముఖం అంత శాంతంగా పల్లంరాజు ఎన్నడూ చూడలేదు. సాయంత్రం దాకా టైముంది. చచ్చి పుట్టినా ఇలాంటి అవకాశం మళ్లీ రాదు. స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"రత్నం, ఆ పులస పిల్లి తినలేదే."

కుడికన్ను తెరుచుకుంది.

"మీ అన్నయ్యకని దాచావే, ఆ కూర. నేనే తినేశాను. తిని, గిన్నె పిల్లి ముందు పెట్టాను."

ఆ రోజు నూకరత్నం పిల్లిని గోనెసంచిలో కుక్కి, గోదావరి దాటించి పట్టిసీమలో వదిలిరమ్మంది. మోసుకెళ్లింది ఈ మహానుభావుడే. దారిపొడుగునా సంచిలోంచి అది అరుస్తూనే ఉంది.

"దగ్గరికి రా" అంది నూకరత్నం, గుసగుసగా.

వంగాడు. చెవి దొరికింది ఆవిడకి.

"ఓరి నీ జిమ్మడిపోనూ! నోరులేని జీవం మీదకి నెడతావా? పాపం దాన్ని ఏరు దాటించానే! తిన్నదీ నువ్వే, సంచి మోసిందీ నువ్వేనా?" గొంతు లేకపోతేనేం, తిట్లలో ఒక్కటీ తగ్గలేదు. అతని తాత ముత్తాతలు కూడా వరసగా వచ్చి తలా నాలుగు తినిపోయారు.

అయ్యో, చేతులారా చంపేశాననుకున్నాడు పల్లంరాజు. "సిస్టరూ!" అని కేకపెట్టాడు. సారిక పరిగెత్తుకొచ్చింది, వెనకే డాక్టరమ్మ. ఇద్దరూ మానిటర్ చూశారు. గుండె వేగం ఎనభై నాలుగు. అక్కడే ఉంది.

"ఏమన్నారండీ ఆవిణ్ణి?"

"పులస సంగతి చెప్పానండీ. కోపం నరం పడుకుందని..."

ఉషారాణి నవ్వాపుకోలేకపోయింది. "కోపం ఎక్కడికీ పోదండీ. ఆ కోపం గుండెని పొడవకుండా ఆపామంతే. ఇంత తిట్టినా గుండె తొణకలేదు, చూశారా? ఇవాళ్టికి నాకిది చాలు."

పల్లంరాజు ముఖం మంచం పట్టీకి ఆనించి పసివాడిలా ఏడ్చాడు.

"ఇంకేం దాచావ్?" అంది నూకరత్నం.

"గ్యాసు కాదే. నిన్న నమ్మకం చెప్పలేమన్నారే. నువ్వు పోతే నన్ను తిట్టేదెవరే?"

"తెలుసులే. గ్యాసుకి కళ్లు వాచేలా ఎవడన్నా ఏడుస్తాడా?" వాలిన రెప్ప కిందనుంచి నీళ్లు జారాయి. "ఇంటికెళ్లాక పట్టిసీమ వెళ్లి దాన్ని తీసుకురా."

"తొమ్మిదేళ్లయింది. అదింకా ఉంటుందా?"

"లేకపోతే దాని మనవల్ని తీసుకురా."

చెవి మాత్రం వదల్లేదు. వదలమని పల్లంరాజు కూడా అడగలేదు.