గ్రేస్ ఒంటి కణాలు

పెరట్లో కొరమేనును బూడిదతో రుద్దుతున్న గ్రేస్‌కి అత్తగారు హన్నమ్మ అరుగు మీదినుంచే గుర్తుచేసింది: “మావాడికి ఉప్పులేకుండా వేరే వండమ్మాయ్. మధ్యాహ్నం బెజవాడ ఆసుపత్రికెళ్ళాలి.” భర్త మత్తయికి కిడ్నీలు పాడైనప్పట్నుంచీ ఆ కైకలూరు ఇంట్లో రోజూ రెండు వంటలు. చేసే మనిషి మాత్రం ఒక్కతే.

తాను కిడ్నీ ఇస్తున్న సంగతి గ్రేస్‌కి చర్చిలో తెలిసింది. “సహోదరి గ్రేస్ భర్తకి కిడ్నీ ఇస్తున్నందుకు దేవునికి స్తోత్రం” అన్నారు పాస్టరుగారు. ముందురోజే హన్నమ్మ వెళ్ళి చెప్పొచ్చిందట. అందరితోపాటు గ్రేస్ కూడా హల్లెలూయ అంది, అలవాటు మరి! రక్తం తీసినప్పుడు సరిపోతుందేమో ఊరికే చూద్దామన్నారు. తనదీ, మరిది జేమ్స్‌దీ కూడా సరిపోయాయి. “వాడు చెరువుల మీద తిరిగేవాడు, వాడి ఒళ్ళు పాడైతే ఎలా?” అంది హన్నమ్మ. స్కూల్లో పాఠాలు చెప్పొచ్చి బిందెలు మోసే ఒళ్ళు ఎవరికీ గుర్తురాలేదు.

ఆసుపత్రిలో డాక్టరు లక్ష్మీకాంతం విడమరచి చెప్పింది. “కొత్త కిడ్నీని ఒళ్ళు పరాయిదనుకుని పోట్లాడుతుంది. అందుకే జీవితాంతం మందులు. ఇప్పుడొక ప్రయోగం చేస్తున్నాం. మీ తెల్లకణాల్లో కొన్నిటిని కూడా ఆయనకెక్కిస్తాం. అవి లోపలికెళ్ళి, ‘ఈవిడ మనమనిషే, కొట్టకండి’ అని నచ్చజెబుతాయి. ఫలిస్తుందో లేదో ఇంకా తేలలేదు.”

గ్రేస్ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఇన్నేళ్ళు తన చేతికూడు తిన్న ఒంటికి తాను మనమనిషినని ఇంకెవరో వెళ్ళి చెప్పాలా? నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మత్తయి ముఖం ఉబ్బిన రోజున వెక్కివెక్కి ఏడ్చింది తనే. ఆయన బతకాలి, అది నిజం. కత్తంటే తనకి భయం, అదీ నిజమే. ఈ రెండిట్లో ఏది తనదో ఎంత తవ్వుకున్నా అంతుచిక్కలేదు.

“అదొప్పుకుంటుందండీ, నేను చెప్పానుగా” అన్నాడు మత్తయి.

దాతని ఒంటరిగా అడగాలంటూ డాక్టరు అతన్ని బయటికి పంపింది.

“మీకిష్టమేనా అమ్మా? లేకపోతే తర్వాతి పరీక్షల్లో సరిపోలేదని నేనే చెప్పేస్తాను. అసలు సంగతి ఎవరికీ తెలియదు.”

ఇష్టమా! ఆ మాట తననెవరూ అడిగిన గుర్తులేదు. అబద్ధం హాయిగానే అనిపించింది. ఒక్క మాటతో అన్నీ తీరిపోతాయి. కానీ అప్పుడు కూడా తన సంగతి ఇంకొకరే చెప్పినట్టవుతుంది.

“వద్దండీ. ఇస్తానో ఇవ్వనో నాకే తెలియడంలేదు. ఆ మాట నేనే చెప్తాను.”

బయట మత్తయి లేచి నిలబడ్డాడు. “సంతకం పెట్టేశావా?”

“లేదండీ. ఆలోచించుకోవాలి.”

అతను తెల్లబోయాడు. “ఇందులో ఆలోచించడానికేముందే?”

“ఇందులో నేనున్నానండీ” అంది గ్రేస్.