అలసిపోక ముందే

తడి దుప్పటి పిండుతుంటే మణికట్టులో మొదలైన నొప్పి భుజం దాకా పాకింది. దాన్ని బకెట్లోనే వదిలేసి బాత్రూం గట్టు మీద కూలబడ్డాను. అటుగా వెళ్తున్న మా ఆయన ఆగి, "దుప్పటి పిండడానికి కూడా ఓపిక లేకపోతే ఎలా? నీకు ముప్పై ఆరేగా" అన్నారు.

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. రెండేళ్ళ కిందట నాకు వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ దాని వెంట వచ్చిన నీరసం మాత్రం పోలేదు. ఒక రోజు పని చేస్తే రెండు రోజులు మంచం. ఎనిమిది గంటలు నిద్రపోయి లేచినా ఎవరో నాచేత మూటలు మోయించినట్టుండేది. నేను మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్తాను. బడి గంట మోగితే పళ్ళు జివ్వుమనేవి, ట్యూబ్‌లైటు కళ్ళలో గుచ్చుకునేది, ఫినాయిల్ వాసనకు తల తిరిగేది. కూర్చుని చెప్తానంటే హెడ్మాస్టరు గారు "మిమ్మల్ని చూసి అందరూ కుర్చీలడిగితే?" అని నవ్వారు. రక్త పరీక్షలు, స్కానింగులు అన్నీ చేయించాం. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. "బాగున్నాయంటే సంతోషించక ఆ మొహమేంటి?" అన్నారు మా ఆయన. ఏదో ఒక కాగితంలో ఏదో ఒక తప్పు కనిపిస్తే బాగుండునని నేను ఎదురుచూశానని ఎవరితో చెప్పను? చివరికి నాకే అనుమానం వచ్చింది, నిజంగానే ఒళ్ళు దాచుకుంటున్నానేమోనని.

ఒళ్ళు దాచుకోవడమన్న మాట మా అత్తయ్యది. డెబ్బైకి దగ్గరపడుతున్నా ఆవిడ పగటిపూట నడుం వాల్చగా నేనెప్పుడూ చూడలేదు.

తోటి టీచరు ఒక డాక్టరమ్మ గురించి చెప్పింది. మా ఆయనకు సెలవు దొరకలేదు. "నేను వెళ్తాలే. ఇది సగం చెప్పి సగం మింగుతుంది. నేనైతే ఉన్నదున్నట్టు చెప్తాను" అన్నారు అత్తయ్య. నా మీద సాక్ష్యం చెప్పడానికే వస్తున్నారనుకున్నాను.

డాక్టరమ్మ నేను కళ్ళు చికిలించడం చూసి, అడగకుండానే లేచి నా తల మీది లైటు ఆపేసింది. ఆ ఒక్క పనికే నాకు ఏడుపొచ్చింది. తర్వాత తీరిగ్గా కూర్చుని అడగడం మొదలుపెట్టింది.

"నిద్ర లేచాక అలసట తీరుతుందా?"

నేను నోరు తెరిచేలోపు పక్కనుంచి జవాబొచ్చింది. "తీరదు."

"కాస్త ఎక్కువ పని చేస్తే, ఆ రోజు బాగానే ఉండి తర్వాత పడిపోతారా?"

"మర్నాడు. ఒక్కోసారి మూడో రోజు. ఒళ్ళంతా రోకలితో దంచినట్టుంటుంది" అన్నారు అత్తయ్య.

నేను తిరిగి చూశాను. ఆవిడ నా గురించి చెప్పడం లేదు. ఒళ్ళో ఉన్న తన చేతులకేసి చూసుకుంటూ చెప్తున్నారు.

డాక్టరమ్మ కుర్చీ అటు తిప్పింది. "ఎన్నాళ్ళుగా అమ్మా?"

"మా అబ్బాయికి అప్పటికింకా నడక రాలేదు."

ఆ అబ్బాయికి ఇప్పుడు నలభై దాటాయి.

డాక్టరమ్మ ఆవిడకు వేరే పరీక్షలు రాసింది, ఈ వయసులో ఇంకేవైనా కారణాలు ఉండొచ్చని. తర్వాత ఇద్దరినీ చూస్తూ మెల్లగా చెప్పింది. ఇది జబ్బే. బద్ధకం కాదు, మనసు కల్పించుకున్నదీ కాదు. ఒక మాత్రతో పోయేదీ కాదు. "ఒంటిని బలవంతాన లాక్కొస్తే ఇంకా ముదురుతుంది. అలసిపోయాక పడుకోవడం కాదు, అలసిపోక ముందే ఆగాలి. మీకు బాగున్న రోజున కూడా."

ఆటోలో అత్తయ్య పరీక్షల చీటీని మడిచి కొంగున ముడేసుకున్నారు. ఇంటి మలుపు దగ్గర అన్నారు, "మా అత్త నన్ను పనిదొంగ అనేది. ఆ మాట పడకూడదనే ఇన్నాళ్ళూ కూర్చోలేదు." నావైపు తిరిగి, "అమ్మాయ్, నిన్ను చూస్తే నాకు ఒళ్ళు మండేది. నువ్వు కూర్చోగలుగుతున్నావని" అన్నారు.

క్షమించమని ఆవిడ అడగలేదు, నేనూ ఎదురుచూడలేదు. ఆవిడ చేయి పట్టుకున్నాను. అంతే.

నా జబ్బు పోలేదు. కానీ డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చూసి హెడ్మాస్టరు గారు నవ్వకుండా కుర్చీ వేయించారు. పిల్లలు గంటకు దూరంగా ఉన్న గదికి బల్లలు మోసుకుంటూ నాతో వచ్చేశారు. ఎవరెవరికి రుణపడ్డానో తలుచుకుంటే ఈ మధ్య మనసు నిండిపోతోంది.

మొన్న ఆదివారం భోజనాలయ్యాక నేనూ అత్తయ్యా చెరో మంచం మీదా పడుకున్నాం. కర్టెన్ వేసుకున్నాం. మా ఆయన గుమ్మంలో నిలబడి, సింకు నిండా ఉన్న గిన్నెలనూ మమ్మల్నీ మార్చి మార్చి చూశారు.

"ఇద్దరూ ఇలా పడుకుంటే పనెవరు చేస్తారు?"

అత్తయ్య కళ్ళు తెరవలేదు. "నువ్వు పుట్టినప్పట్నుంచీ నేనూ అదే అనుకున్నాను నాన్నా. ఎవరూ లేరని లేచేదాన్ని. ఇప్పుడు నువ్వున్నావుగా."

"నాకవి సరిగ్గా రావమ్మా."

"నాకూ పుట్టుకతో రాలేదు."

ఆ రోజు నాకు బాగానే ఉంది. లేచి ఆ గిన్నెలన్నీ కడిగేయగలను. అలవాటుగా మోచేతి మీద ఆని సగం లేచాను కూడా. వంటగదిలో కుళాయి విప్పిన చప్పుడు వినిపించింది. మళ్ళీ పడుకున్నాను.