తండ్రి సంతకం

పిల్ల చెవి ఆపరేషన్‌కి తండ్రి సంతకం కావాలన్నారు ఆస్పత్రిలో. తండ్రేమో జైల్లో ఉన్నాడు. తల్లి పురిట్లోనే పోయింది. మేనత్త సంతకం చెల్లదట.

"రెండేళ్లుగా దీనికి అన్నం పెట్టేది నేను, జ్వరమొస్తే పక్కన కూర్చునేది నేను. నా సంతకానికేం తెగులు?" అని అత్త గొంతు పెంచింది.

కౌంటర్ గుమాస్తా తలెత్తకుండానే, "తండ్రి ఎక్కడున్నాడమ్మా?" అన్నాడు.

వరసలో వాళ్లంతా చెవులు రిక్కించారు. పదకొండేళ్ల మేనకోడలు, ఇంట్లో అందరూ పిచికా అని పిలిచే పిల్ల, అత్త చెయ్యి వదిలేసి గోడకేసి తిరిగి నిలబడింది.

అత్త లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. సెలవు పెట్టి జైలుకెళ్తే, కాగితం లోపలికి తేకూడదన్నారు. రెండోసారి ఆస్పత్రి నుంచి ఉత్తరం తెమ్మన్నారు. ఆస్పత్రి వాళ్లేమో జైలు వాళ్లు అడిగితేనే ఇస్తామన్నారు. ఆ కోపమంతా ఇస్త్రీపెట్టె మీద చూపించి, ఎవరిదో తెల్లచొక్కా కాలర్ మాడ్చేసింది. యజమాని చేత నానా మాటలూ పడింది.

కాళ్లరిగేలా తిరిగితే ఉత్తరం చేతికొచ్చింది. మూడోసారి పిచికనీ వెంటబెట్టుకెళ్లింది. అద్దానికి అవతల తమ్ముడు. పిచిక ఫోను తీసి ఎడమ చెవికి ఆనించుకుంది. వాడు గలగలా మాట్లాడుతున్నాడు, ఇది బుద్ధిగా తలూపుతోంది. అది వినపడని చెవి.

ఫోను లాక్కుంది. "దానికా చెవి వినపడదురా. ఏడాదైంది. ఆపరేషన్ చెయ్యాలి."

"ఏడాదా! నాకు చెప్పలేదేం అక్కా?"

"చెబితే ఏం పొడిచేవాడివి?"

"నేను తండ్రిని కాదా?"

"అవును మరి. ఆ సంతకం కోసమే కదా ఇన్నిసార్లు నీ గుమ్మం తొక్కుతున్నా!"

పోలీసు తెచ్చిచ్చిన కాగితం మీద తలొంచుకుని సంతకం పెట్టాడు.

బయటికొచ్చాక, "ఆ చెవికెందుకు పెట్టుకున్నావే?" అంది అత్త.

"ఎప్పుడూ ఒకటే మాట అత్తా. వచ్చేస్తున్నా, వచ్చేస్తున్నా అని. వినీ వినీ విసుగొచ్చింది."

తిట్టాలో దగ్గరికి తీసుకోవాలో అత్తకి తెలియలేదు. అటునుంచటే ఆస్పత్రికెళ్లారు.

"మీకిచ్చిన ఆపరేషన్ తేదీ నిన్నటితో అయిపోయింది. మళ్లీ నాలుగు నెలల తర్వాతే" అన్నాడు గుమాస్తా.

అత్త అక్కడే బల్ల మీద కూలబడింది. "నేను కదలను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

"మీ ఇష్టం" అని అతను తరవాతి వాళ్లని పిలిచాడు.

అప్పుడు పిచిక మునివేళ్ల మీద లేచి, కౌంటర్ పట్టుకుని, హాలంతా వినపడేలా అంది: "మా నాన్న జైల్లో ఉన్నాడండీ. అందుకే ఆలస్యమైంది. మా అత్త తప్పేం లేదు."

గుమాస్తా ఇబ్బందిగా రిజిస్టర్ తిరగేశాడు. వచ్చే బుధవారం ఖాళీ ఉందన్నాడు.

అత్తకి సంతోషం కలగలేదు. ఉన్న ఖాళీ ముందే చెప్పడానికి ఏం రోగం? చిన్నపిల్ల ఇంతమందిలో నోరు విప్పి ఆ మాట చెప్పుకోవాలా? చీటీ తీసుకుని విసవిసా బస్టాపు వైపు నడిచింది. గుమాస్తానీ, జైలునీ, తమ్ముణ్నీ వంతులవారీగా తిడుతూనే ఉంది.

"మెల్లిగా అత్తా!" అంటూ పిచిక వెనకాల పరిగెత్తింది.