తుంచిన కొసలు

భిలాయి-3 రైల్వే క్వార్టర్లలో ఆనపకాయల విషయంలో రజనీకుమారికి పోటీ ఉండేది కాదు. ఏటా తెలుగు చర్చిలో కోతపండుగ నాడు ఆమె పెరటి కాయే ముందు బల్ల మీద ఉండాలి, మొదటి ప్రార్థన ఆమే చెయ్యాలి. పాస్టరుగారు ఇచ్చిన హక్కేమీ కాదది. ఆమె తీసుకుంది, ఎవరూ అడ్డు చెప్పలేదు, అంతే.

ఈ ఏడు పక్క క్వార్టర్లో నూకరత్నం దిగింది. పాలకొండ దగ్గర పల్లెలో పొలం పనులు చేసి చేసి, కొడుకు అనిల్‌కుమార్‌కి రైల్వేలో ఉద్యోగం వచ్చాక ఇక్కడికొచ్చిన మనిషి. వచ్చీరాగానే పెరట్లో మట్టి తిరగేసి ఆనప గింజలు పెట్టింది. చూస్తుండగానే పాదు గోడెక్కింది. పైగా చర్చిలో అందరూ, "నూకరత్నమ్మ ప్రార్థన సేస్తే కడుపు నిండిపోతాది" అనడం మొదలెట్టారు. మరి ఇన్నేళ్లూ తను చేసినవి ఏమైనట్టు? రజనీకుమారికి ఒళ్లు మండిపోయింది.

అంతలో నూకరత్నం నడుం పట్టేసి మంచమెక్కింది. రజనీకుమారి మిరియాల చారు పట్టుకెళ్లి, ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. చేస్తున్నంతసేపూ కళ్లు కిటికీలోంచి పాదు మీదే ఉన్నాయి. ఆమెన్ అనేసి, పెరటి దారిన వెళ్తూ తీగల కొసలన్నీ గోటితో గిల్లేసింది. "ఇంకెలా ఎదుగుతావో సూస్తాను" అని పాదుకి చెప్పి మరీ వచ్చింది. ఆ పూట ఆమెకి అన్నం బాగా సయించింది.

అయితే గిల్లిన చోటల్లా పక్కకొమ్మలు వచ్చాయి, కొమ్మకొమ్మకీ పిందెలు దిగాయి. రజనీకుమారి పాదు మాత్రం ఆకులతో, గొడ్డు పువ్వులతో ఎగబాకుతూనే ఉంది. పండుగ నాడు ముందు బల్ల నిండా నూకరత్నం కాయలే. రజనీకుమారి చివరి బెంచీలో కూర్చుంది.

నూకరత్నాన్ని సాక్ష్యం చెప్పమన్నారు. "మా ఊర్లో పాదు ఏపుగా ఎక్కిందని మురిసిపోము. కొసలు తుంచేస్తాం. అప్పుడు గానీ కాపు రాదు. దేవుడు మనిసినీ అలాగే తుంచుతాడు. నొప్పెడతాది, మరేటి సేస్తాం? ఈ ఏడు నాను లేవనేకపోనాను. మా రజని వదినే నాకోసరం ప్రార్థన సేసి, ఆ పని కూడా సేసెల్లింది. కిటికీలోంచి సూసినాను. మొదటి ప్రార్థన వదినే సెయ్యాల."

"వాహ్ దీదీ!" అని ఎవరో చప్పట్లు కొట్టారు.

రజనీకుమారి లేచి ముందుకొచ్చింది. కావాలనుకున్నది చేతికొచ్చింది. కానీ ప్రభువా అని మొదలెట్టి ఆగిపోయింది. "సాయానికి తుంచనేదు వదినా" అంది చివరికి. "కుళ్లుబోతుతనంతో తుంచినాను."

నూకరత్నం ప్రార్థనకని మూసిన కళ్లు తెరవనే లేదు.

"నాకు తెల్సు వదినా. ప్రార్థన కానియ్యి."

రజనీకుమారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు కూడా ఆమెకి అసూయే కలిగింది, అంత సులువుగా క్షమించే మనసు తనకెందుకు లేదని.