అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి

రెండు సబ్జెక్టులు తప్పిందని కాలేజీవాళ్లు బుజ్జి స్కాలర్‌షిప్ ఆపేశారు. అప్పీలు పెట్టుకుంటే, ఓసారి వచ్చి చెప్పుకోమన్నారు. ఆ రోజు పిన్ని తన టైలరింగ్ షాపుకు తాళం వేసి, మెడలో టేపు తీయడం కూడా మరచిపోయి, వెంట బయల్దేరింది. తల్లి పోయినప్పటి నుంచీ బుజ్జిని కన్నబిడ్డలా పెంచింది ఆమే.

దారి పొడుగునా బుజ్జి ఆ అప్పీలు గురించే ఆలోచించింది. అప్పీలులో 'ఇంటి ఇబ్బందులు' అని రాసింది. అది అబద్ధం. అసలు సంగతేమిటంటే, నిరుడు విషజ్వరం వచ్చి తగ్గాక ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి అంతంతమాత్రం. లెక్చరర్ల పెదాలు చూసి పాఠం పట్టుకునేది. వాళ్లు బోర్డు వైపు తిరిగారంటే ఇక అంతే సంగతులు. చెబితే పిన్ని షాపు మూసేసి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతుందని నోరు మెదపలేదు. పిన్ని మామూలుగా మాట్లాడినా వీధి చివరిదాకా వినిపిస్తుంది కాబట్టి ఇంట్లో గుట్టు బయటపడలేదు.

గదిలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న ప్రిన్సిపాల్ మేడమ్ కాగితాల్లోంచి తలెత్తకుండానే, "ఇంట్లో ఏమిటమ్మా ఇబ్బంది?" అని అడిగారు.

"బస్సులోనే వచ్చాం మేడమ్," అంది బుజ్జి.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఏం, వేళాకోళంగా ఉందా?" అన్నాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న లెక్చరర్.

"అవును సార్."

పిన్ని మొహంలో రంగు మారింది. బుజ్జికి ఎడమ పక్కన నిలబడి, ఎన్నడూ లేనంత మెల్లగా పిలిచింది. బుజ్జి పలకలేదు. మళ్లీ పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు. భుజం పట్టి తనవైపు తిప్పుకుంది.

"నీకు వినపడట్లేదా తల్లీ? ఎప్పట్నుంచి?"

ఇక దాచడం బుజ్జి వల్ల కాలేదు. వెక్కుతూనే అంతా చెప్పేసింది. "ఇంటి ఇబ్బందులని రాయడం తప్పే మేడమ్. ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు."

"నాతో చెబితే కొరుక్కుతింటానా!" అని పిన్ని కసిరి, కొంగుతో బుజ్జి కళ్లూ తన కళ్లూ తుడిచింది.

మేడమ్ లేచి వచ్చి, బుజ్జికి ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడమరచి చెప్పారు.

"డాక్టరు దగ్గర రాయించుకురా. ఈ ఆర్నెల్లకూ స్కాలర్‌షిప్ ఇస్తాం. తప్పిన సబ్జెక్టులు గట్టెక్కితేనే ఆపైన. రేపట్నుంచి ముందు బెంచీలో కూర్చో."

ఎడమ చెవి మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. కుడి చెవికి మిషన్ అమర్చాడు. ఆ ఏడు బుజ్జి ఒక సబ్జెక్టు దర్జాగా, ఇంకోటి అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. స్కాలర్‌షిప్ నిలబడింది.

అయితే బుజ్జి అందరికీ చెప్పుకుని మురిసిపోయే ముచ్చట వేరే ఉంది. మిషన్ పెట్టుకుని కాలేజీకి వెళ్లిన మొదటి రోజు, లెక్కల సారు బోర్డు వైపు తిరిగి, "ఇది నాకే అర్థమై చావట్లేదు," అని గొణుక్కున్నాడు. క్లాసంతా గప్‌చిప్. ముందు బెంచీలోంచి బుజ్జి ఒక్కతే పకపకా నవ్వింది.