దీవెన మీద నూరువరహాలు

రత్నకుమారి చేసిన తప్పు ఒక్కటే. చర్చి కమిటీ సెక్రటరీ మాట నమ్మింది. అదీ చేతులారా గునపం పట్టి మరీ నమ్మింది.

గూడూరు అవతల వాళ్ళ పల్లెలో, సిమెంటు సమాధి కట్టుకోలేని వాళ్ళకి ఒక నియమం ఉంది. మట్టి మీద గుర్తు నిలిచినంత కాలం అక్కడ ఇంకొకరిని పెట్టరు. గుర్తు పోయిందా, చోటు పోయినట్టే. చెక్క సిలువలు రెండు వానాకాలాలకే చీకిపోతాయి. అందుకని తొమ్మిదేళ్ళ కూతురు దీవెన డెంగీతో పోయినప్పుడు, రత్నకుమారి సిలువ పక్కన నూరువరహాల అంటు ఒకటి నాటింది. ఆమె బందరు నుంచి ఆదివారం మాత్రమే రాగలదు. మిగతా ఆరు రోజులూ చిలకలపూడిలో గిల్టు నగలకు రాళ్ళు అతికించే పని. నీళ్ళు పోసే దిక్కు లేకపోయినా ఆ మొండి మొక్క ఆరేళ్ళలో నడుమెత్తు పెరిగింది. ఎర్రటి గుత్తులు, వాటి చుట్టూ ఎప్పుడు చూసినా సీతాకోకచిలుకలు, తేనెటీగలు. పిల్ల దగ్గరికి రోజూ ఎవరో ఒకరు వస్తున్నారులే అని ఆమెకి ఎంత ధైర్యమో.

దాని పక్కనే సెక్రటరీ సాల్మన్ రాజు గారి తండ్రి సమాధి. నల్లరాయి పరిచారు. ఇప్పుడు ఆయన తల్లి మంచం పట్టింది, ఆవిడకి భర్త పక్కనే చోటు కావాలి. తాను చెట్టు నరికిస్తే నలుగురూ అడుగుతారు. అంత తెలివితక్కువవాడా ఆయన?

"చూడమ్మా, దారికి సిమెంటు పోయిస్తున్నాం," అన్నాడు ఆగస్టులో ఒక ఆదివారం. "ట్రాక్టరు తిరిగితే నీ చెట్టు నలిగిపోద్ది. నీ చేత్తో తీసి గోడ పక్కన పెట్టుకో. పనయ్యాక మళ్ళీ తెచ్చుకుందువుగాని."

"పాప చోటు పోదు కదండీ?"

"నేను లేనా? నాకు తెలీదా?"

రత్నకుమారి కళ్ళనీళ్ళతో దణ్ణం పెట్టింది. వేళ్ళు తెగకుండా మట్టిగడ్డతో సహా పెళ్ళగించి, గోనెపట్టాలో మోసుకెళ్ళి గోడ పక్కన నాటింది. చీకిన సిలువ ముక్కని కూడా దాని మొదట్లోకే మార్చుకుంది, పిచ్చితల్లి.

ట్రాక్టరు రాలేదు. సెప్టెంబరులో సెక్రటరీ తల్లి పోయింది. ఆ ఆదివారం రత్నకుమారి వచ్చేసరికి దీవెన చోట కొత్త మట్టి, దాని మీద పూలదండలు. గుంటలు తవ్వే బాబ్జీ పంపు దగ్గర పార కడుక్కుంటున్నాడు.

"తవ్వినప్పుడు ఏమన్నా కనపడిందా, బాబ్జీ?"

అతను తలెత్తలేదు. "చిన్న గాజు ఒకటమ్మా. అన్నీ అడుగునే సర్ది, పైన మామ్మగారిని దించాం."

రత్నకుమారి చెప్పులు అక్కడే వదిలేసి సాల్మన్ రాజు గారింటికి పరుగెత్తింది. ఆయన నిదానంగా విన్నాడు. పాపం, తల్లి పోయిన మనిషి.

"గుర్తెక్కడుంటే మనిషక్కడ. నీ గుర్తు గోడ దగ్గరుంది. పెట్టింది నువ్వే కదమ్మా," అన్నాడు.

కమిటీలో అందరూ అదే మాట. ఆమె తీస్తుంటే కళ్ళారా చూశామన్నారు. చూసినమాట నిజమే మరి.

నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. గోడ పక్క నూరువరహాలు విరగబూసింది. రత్నకుమారి దానివైపు చూడనైనా చూడకుండా, కొత్తగా పరిచిన నల్లరాయి దగ్గర కూర్చుని కొవ్వొత్తి వెలిగించింది. సాల్మన్ రాజు గారు వంగి ఆ కొవ్వొత్తి తీశాడు. ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, గోడ దాకా నడిచి చెట్టు కింద నిలబెట్టి వచ్చాడు. ఎంత మంచి మనసో అని ఆడవాళ్ళు చెప్పుకున్నారు.

"ఎవరి వాళ్ళ దగ్గర వాళ్ళు నిలబడండి, ప్రార్థన చేసుకుందాం," అన్నారు పాస్టరు గారు.

సాల్మన్ రాజు గారి భార్య రత్నకుమారి భుజం మీద మెల్లగా చెయ్యి వేసింది. "కొంచెం జరగమ్మా. మా వాళ్ళు నిలబడాలి."

రత్నకుమారి లేచి పక్కకి జరిగింది.