నాలుగు జతల చెప్పులు

తడిబట్టల బకెట్టుతో డాబా మెట్లెక్కే ప్రతిసారీ ఆరో మెట్టు దగ్గర ఆమె చెప్పు ఊడిపోతుంది. నిజానికి ఊడదు, ఆమే ఊడదీస్తుంది. బకెట్టు దించి, వంగి, వంకర తిరిగిన వేళ్లతో పట్టీ సర్దుకుంటున్నట్టు నటిస్తూ, పోయిన ఊపిరిని ఎవరికీ వినపడకుండా వెనక్కి తెచ్చుకుంటుంది. "మా కోడలికి సగం ఆయుష్షు చెప్పులు సర్దుకోవడానికే సరి" అని కింద నుంచి అత్తగారు నవ్వుతుంది. నవ్వనీ! కీళ్లవాతం వచ్చిన కొత్తలో, పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి కప్పు జారవిడిస్తే, "ఇదిగో, మళ్లీ మొదలు" అన్నదీ ఆవిడే. పదకొండేళ్లయినా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. చేతుల జబ్బుకే అన్ని మాటలు పడింది, ఇప్పుడు ఊపిరి కూడా అంటే ఇంకేమైనా ఉందా? అందుకే పొడిదగ్గు వచ్చినప్పుడల్లా, చప్పుడు వినపడకుండా కుళాయి తిప్పేస్తుంది.

మొగుడు చెడ్డవాడేం కాదు. చెప్పులే పడట్లేదనుకుని ఈ ఏడాదిలో నాలుగు జతలు కొనుక్కొచ్చాడు, మెత్తటివి, వెడల్పు పట్టీలవి. బకెట్టు మాత్రం ఒక్కనాడూ అందుకోలేదు. ఏం మనిషో!

ఈసారి భర్తతో ఆస్పత్రికి వెళ్తే, కీళ్ల డాక్టరమ్మ ఆమె వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది.

"ఈ జబ్బు ఒక్కోసారి ఊపిరితిత్తుల్నీ పట్టుకుంటుందమ్మా. స్కాన్‌లో మచ్చలున్నాయి. ఆయాసం వస్తోందా?"

ఆమె నోరు తెరిచేలోపే భర్త అందుకున్నాడు. "అబ్బే, లేదండీ. ఇంటి పనంతా తనే చేస్తుంది."

"సరే, ఆరు నిమిషాలు నడిపించి చూద్దాం. మందు మార్చాలా వద్దా అన్నది అది కూడా చూశాకే. ఆలస్యం చేస్తే పాడైన ఊపిరితిత్తి మళ్లీ బాగుపడదు."

వరండాలో నర్సు ఆమె వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలించి, గడియారం పట్టుకుని పక్కనే నడిచింది. "ఆయాసమొస్తే ఆగండమ్మా, రాసుకుంటాను."

మూడో నిమిషానికి గుండెలు ఎగిసిపడ్డాయి. అలవాటు పడ్డ చెయ్యి, దానంతటదే కిందికి పోయి చెప్పు పట్టీ పట్టుకుంది.

"చూశారా!" అన్నాడు భర్త బెంచీ మీంచి. "ఆయాసం కాదండీ, ఆ చెప్పులే. పోనీలే, సాయంత్రం వేరేవి కొందాం."

ఎంత ప్రేమగా అన్నాడో! ఆ ప్రేమకే ఆమెకు ఏడుపొచ్చింది. నర్సు కలం పట్టుకుని చూస్తోంది. ఇక్కడ కూడా దాచితే మందు మారదు. తను ఎవర్ని మోసం చేస్తున్నట్టు?

రెండు చెప్పులూ విప్పి పక్కన పెట్టింది. ఒట్టి కాళ్లతో నిలబడి, "రాసుకోమ్మా, ఊపిరి అందట్లేదు" అంది. వరండా అంతా వినపడేలా, తనివితీరా దగ్గింది.

భర్త గబగబా లేచి వచ్చాడు. "మరి, మెట్ల మీద..."

"రోజూ అంతే. ఆరో మెట్టు దగ్గర."

అతను వంగి ఆ చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు.

ఆమె అతని భుజం పట్టుకుని ఊపిరి కూడదీసుకుంది.

"చెప్పులు చాలండీ" అంది మెల్లగా. "ఇకనుంచి బకెట్టు మీరు మొయ్యండి."